మూడవమారు కృతార్థుడైన విద్యార్థి: డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు

మన సంఘము వెలువరించు వార్షిక సంచికకు ఎవరైన నొక మహనీయుని జీవితమును గూర్చి వ్రాయవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, కవులలోనో సంఘసంస్కర్తలలోనో ఒకరిని నేను ఎన్నుకొందునని వారు తలచియుందురు. నేను బి.ఏ. చదివినవాడను. చరిత్ర, తెలుగు తప్ప ఇతర విద్యలయందు నాకు ప్రవేశము తక్కువ. అయినను ఈ పర్యాయము ఒక శాస్త్రజ్ఞుని కథ చెప్పదలచితిని. ఇందులకు కారణము గ్రంథాలయములో దొరకినది కాదు, ఆర్.కె. పురములోని మా క్వార్టరులోనే దొరకినది.

గత సంవత్సరము జూలై మాసమున ఒక సాయంకాలము నేను ఆఫీసునుండి రాగానే, పదకొండవ తరగతి చదువుచున్న మా అమ్మాయి ఒక కాగితము నా ముందుంచినది. సైన్సు విడిచి ఆర్ట్సునకు మారుటకు అనుమతి కోరుచు పాఠశాలకు వ్రాసిన దరఖాస్తు అది. తండ్రి సంతకము కొరకు అడుగున చక్కగా గీత కూడ గీసి యుంచినది. భౌతికశాస్త్రమున తొలి పరీక్షలో ఆమెకు 30 మార్కులకు 9 వచ్చినవి. ఆర్ట్సు చదువుట లోపమని నేననలేను. అనుటకు నాకు నోరెట్లు వచ్చును? నన్ను నొప్పించినది ఆమె చెప్పిన కారణము. శాస్త్రజ్ఞులగువారు పుట్టుకతోనే వేరు జాతివారనియు, తాను ఆ జాతిది కాదని ఈ మార్కులతో తేలిపోయినదనియు ఆమె నిశ్చయించుకొన్నది. ఇరువది యెనిమిదేండ్ల క్రిందట ఇంటర్మీడియటులో గణితము తప్పినప్పుడు నేనును సరిగా ఇట్లే నిశ్చయించుకొంటిని. ఆనాడు నన్ను ప్రశ్నించినవారు లేకపోయిరి.

ఆమె ఐదవ తరగతిలో వేసిన బొమ్మ యొకటి నేటికిని మా వంటయింటి అలమార తలుపుమీద అంటించి యున్నది. శాస్త్రజ్ఞుని బొమ్మ వేయుడని టీచరుగారు చెప్పగా వేసినది. చెదరిన తెల్లజుట్టు, కండ్లద్దములు, తెల్లకోటు, చేతిలో పొగలు గ్రక్కుచున్న గాజుబుడ్డి. మనిషి పాశ్చాత్యుడు. గదిలో మరియొక ప్రాణి లేదు. ఇది మా బిడ్డ ఒక్కతె ఊహ కాదు. అమెరికాలో మార్గరెట్ మీడ్, రోడా మెట్రో అను మానవశాస్త్రజ్ఞురాండ్రు 1957లో ఉన్నత పాఠశాల విద్యార్థుల వ్రాతలను పరిశీలించినప్పుడు దాదాపు ఈ మూర్తియే వారికి కనబడెను. 1983లో డేవిడ్ చేంబర్స్ అను పండితుడు 4,807 మంది పిల్లల బొమ్మలు పరిశీలించగా, స్త్రీని శాస్త్రజ్ఞురాలిగా చూపిన బొమ్మలు 28 మాత్రమే తేలినవి. ఆ 28యు బాలికలు వేసినవే.

సంతకమునకు ఒక వారము గడువు అడిగితిని. ఆఫీసులో కాగితములను ఆపియుంచుట మాకు అలవాటే కనుక ఆమె అంతగా ఆశ్చర్యపడలేదు. ఆ వారములో రాత్రి భోజనములైన పిమ్మట ఆమెకు నేను చెప్పిన జీవితకథయే ఇక్కడ వ్రాయుచున్నాను.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. నేడు ఆ ఊరు పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణము. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యముచేత ముందుగానే ఉద్యోగము చాలించుకొనవలసి వచ్చెను. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో ఇతడు నాలుగవవాడు. సర్కారు జీతము మధ్యలో ఆగిపోయిన యింట ఏడుగురు బిడ్డలనగా ఎట్టి స్థితియో మన సభ్యులకు వివరింప నక్కరలేదు.

బాలునకు చదువుమీద శ్రద్ధ లేదు. ధనము గడింపవలెనని మాత్రము కోరిక యుండెను. పదుమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదింతునని బయలుదేరెను. వెంకమ్మగారు వెదకించి వెనుకకు రప్పించిరి. ఆమె పట్టుదలగల తల్లి. రాజమహేంద్రవరమున బడిలో వేసిరి, అక్కడ చదువు సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్ష తప్పెను. మరల తప్పెను. ఆ మీదట మద్రాసు పోయి హిందూ హైస్కూలున చేరి మూడవమారు కృతార్థుడయ్యెను. ఈ చదువుకొరకు తల్లి తన నగలను అమ్ముకొన్నది.

ఇక్కడ మా అమ్మాయి నన్ను ఆపి, నిజముగనే రెండుమారులు తప్పినారా యని అడిగినది. ఆమె పాఠ్యపుస్తకములలో శాస్త్రజ్ఞుల బొమ్మలప్రక్కన జన్మసంవత్సరము, కనుగొన్న వస్తువు, పొందిన బహుమతి మాత్రమే యుండును. పరీక్ష తప్పిన సంగతి ఎవరును వ్రాయరు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియటు చదువునాటికి సుబ్బారావునకు గణితమున మంచి ప్రావీణ్యము కుదిరెను. కాని మనస్సు మఱొకవైపు లాగుచుండెను. మైలాపూరులోని రామకృష్ణ మఠమునకు పోవుచు సన్యసింపవలెనని నిశ్చయించుకొనెను. తల్లి అంగీకరింపలేదు. తల్లి అనుమతి లేనిదే మఠమువారు చేర్చుకొనరు. వైద్యము చదివినచో రోగులకు సేవచేయవచ్చునని స్వాములు హితవు చెప్పిరి. మన కాలనీ పేరులోనే రామకృష్ణ నామము కలదు గాని, ప్రతిదినము ఆ పేరు పలుకు మనలో ఎందరు ఆయనను తలచుకొందుమో!

ఈ ఘట్టమున ఒక విషయము ఉన్నది. బాల్యమునుండి ఇరువదియేండ్లు వచ్చువరకు ఈ యువకుడు ఒక పరిశోధకుని కండ్లతో చూచినట్లు కనబడదు. గోదావరి తీరమున ఆనాడు ప్రయోగశాలలు లేవు. ఆయనకు ఆదర్శముగా నిలిచినవారు సన్యాసులు, దేశభక్తులు; శాస్త్రజ్ఞులు కారు. శాస్త్రజ్ఞుడు కావలెనని తలచి ఆయన శాస్త్రములోనికి రాలేదు. రోగులకు ఉపకరింపవలెనను తలంపుతో నడచుచు నడచుచు వచ్చి ప్రయోగశాల గుమ్మము తొక్కిరి. ఏ దారిన వచ్చినను ఆ గుమ్మము ఒక్కటే కదా.

మద్రాసు వైద్యకళాశాలలో చేరుటకు మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడిరి. 1919లో మూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని సుబ్బారావుగారు వివాహమాడిరి. అవి గాంధీ మహాత్ముడు విదేశవస్త్ర బహిష్కరణమును బోధించుచున్న రోజులు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి గూడ ఖద్దరు అంగీతో పోయిరి. ఆంగ్లేయ ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుగారికి అది గిట్టలేదు. తక్కిన విషయములలో చక్కగా వ్రాసినను తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రము ఇచ్చిరి. ఆ ఒక్క అంగీ ఖరీదును ఆయన తరువాత చాల సంవత్సరములు చెల్లించిరి. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు ప్రయత్నించిరి, దొరకలేదు.

ఆ కాలముననే ఆ యింటిపై పిడుగు పడెను. సోదరు లిద్దరు కొద్ది దినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధిచేత మరణించిరి. ఉష్ణదేశములలో కనబడు ఈ రోగమున ప్రేగులు ఆహారసారమును పీల్చుకొనజాలవు, విరేచనములు విడువవు, మనిషి క్రమముగా రక్తహీనుడై శుష్కించిపోవును. ఆనాటి వైద్యులు చేయగలిగినది స్వల్పము. సుబ్బారావుగారికిని అదే వ్యాధి సోకెను. ఆయనను బ్రతికించినది పాశ్చాత్యవైద్యము కాదు, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స. దేశసేవకురాలు రుక్మిణీ లక్ష్మీపతిగారి భర్తయే ఈ లక్ష్మీపతిగారు. అల్లోపతి చదివియు ఆయుర్వేదమునకు జీవితము నంకితము చేసిన పెద్దమనిషి. ఆయన నడపుచున్న ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించు ఉద్యోగము సుబ్బారావుగారికి దొరకెను.

ఆ ఉద్యోగములోనే స్థిరపడియుండవచ్చును. జీతము చిన్నదైనను గౌరవమైనది. కాని మూలికలయందలి శక్తి యేమి, అది రోగమును ఎట్లు హరించును అను ప్రశ్న ఆయనను విడువలేదు. కొంకిపురుగుల వ్యాధి నివారణకై రాక్‌ఫెల్లర్ సంస్థ తరఫున మద్రాసు రాష్ట్రమున పనిచేయుచుండిన డాక్టరు కెండ్రిక్ అను అమెరికను వైద్యుడు ఆయనలోని జిజ్ఞాసను గుర్తించి, అమెరికా పోవుడని ప్రోత్సహించెను. ప్రయాణమునకు ధనము కావలెను. మామగారు కొంత సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకరుగారి ధర్మనిధినుండి కొంత లభించెను. ఈ నాయకరుగారు బర్మాలో వ్యాపారము చేసి గడించిన సొమ్ము ధర్మమున కిచ్చిన మహానుభావులు. రంగూనులో ఆర్జించిన తెలుగువారి ధనము కాకినాడ చేరి, అక్కడినుండి ఒక యువకుని బోస్టను చేర్చినదన్నమాట.

1922 అక్టోబరు 26వ తేదీన సుబ్బారావుగారు బోస్టను నగరమున దిగిరి. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియేడు. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వైద్యవిద్యాలయమున చేరిరి. అయితే భోజనమెట్లు? మద్రాసు ఎల్.ఎం.ఎస్. పట్టమును అక్కడ ఎవరు లెక్కించెదరు? వైద్యుడుగా జీతము పుచ్చుకొని పనిచేయుటకు వీలులేకపోయెను. అందుచేత బోస్టనులోని ఆసుపత్రిలో రాత్రిపూట నౌకరుగా కుదిరి, రోగుల మలమూత్రపాత్రలు కడిగి, ఆ వచ్చిన కూలితో పగలు చదివిరి. ఆచార్యుడు రిచర్డ్ స్ట్రాంగుగారు ఆదుకొనిరి.

ఆచారపరాయణుల యింట పుట్టిన బ్రాహ్మణ యువకునకు, వైద్యపట్టము చేతనున్నవానికి, ఈ పని ఎంత కష్టముగా తోచినదో ఎవరు చెప్పగలరు? సన్యాసము కోరిన మనస్సు దానిని సేవగా స్వీకరించియుండవచ్చును. లేదా ఆకలి ఆ ప్రశ్నకు తావే ఇవ్వకపోయి యుండవచ్చును. మా అమ్మాయి రెండవదే నిజమన్నది.

అటుపిమ్మట హార్వర్డు వైద్యకళాశాలలో జీవరసాయనశాస్త్ర విభాగమున సైరస్ ఫిస్కేగారివద్ద చేరిరి. 1925లో వారిద్దరి పేర ఒక పద్ధతి వెలువడినది. రక్తము మున్నగు ద్రవములందు భాస్వరమెంత కలదో కొలుచుట దాని పని. ద్రవమున కొన్ని రసాయనములను కలుపగా నీలివర్ణము కలుగును. భాస్వరము ఎక్కువైనకొలది నీలము గాఢమగును. ఆ గాఢతను బట్టి లెక్క కట్టవచ్చును. చూచుటకు చిన్న విషయము. కాని నేటికిని జీవరసాయన విద్యార్థులు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యను పేరుతోనే దీనిని నేర్చుకొనుచున్నారు. శాస్త్రమున ఒక మంచి కొలబద్ద దొరకినచో దాని వెంట ఎన్నియో సత్యములు బయటపడునని నాకు తెలిసినవారు చెప్పుదురు. ఇక్కడ అట్లే జరిగెను. ఆ కొలబద్దతోనే 1927లో కండరములయందు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఎ.టి.పి. అను పదార్థమును వారు కనుగొనిరి. అదే కాలమున ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు మొదటిదానిని, జర్మనీలో లోమన్ రెండవదానిని స్వతంత్రముగా గుర్తించిరి. ఈ మాట దాచి మనవారు ఒక్కరే కనుగొనిరని చెప్పుట న్యాయము కాదు.

ఈ రెండు పదార్థముల ప్రాముఖ్యమును నావంటి ఆర్ట్సు పట్టభద్రుడు ఆఫీసు భాషలోనే చెప్పగలడు. మనము తిను అన్నము ఖజానాలోని సొమ్ము. బిల్లు పాసై రావలెను. ఎ.టి.పి. చేతిలోని రొక్కము, చేయి కదల్చవలెనన్నను, రెప్ప వేయవలెనన్నను ఆ రొక్కమే ఖర్చగును. ఫాస్ఫోక్రియాటిన్ ఆ రొక్కము తరుగగానే పూరించుటకు సెక్షనులో నుంచుకొన్న ఇంప్రెస్టు పెట్టె. కండరములు లాక్టిక్ ఆమ్లము పుట్టుటచేతనే పనిచేయునని చెప్పి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి పొందిన హిల్, మయరాఫ్ గార్ల సిద్ధాంతము ఈ కొత్త సంగతులతో తారుమారయ్యెను.

1930లో సుబ్బారావుగారికి పిహెచ్.డి. పట్టము లభించెను. అయినను హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. మరి పదియేండ్లు అచ్చటనే పనిచేసిరి. ఆయన వేరుచేసిన పదార్థములు కొన్ని, ఫిస్కేగారి అసూయవలన ప్రకటింపబడక, తరువాత ఇతరులచేత మరల కనుగొనబడవలసి వచ్చెనని ఆ విభాగముననే చదివి 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ గారు చెప్పియున్నారు. ఆ సంవత్సరములలో కాలేయ సారమునుండి రక్తహీనతను పోగొట్టు ద్రవ్యమును వేరుచేయవలెనని కూడ సుబ్బారావుగారు మిక్కిలి శ్రమించిరి. అది చిక్కలేదు. 1948లో ఆ ద్రవ్యమును, అనగా బి-12 విటమినును, అమెరికాలోను ఇంగ్లండులోను ఇతరులు సాధించిరి.

1940లో హార్వర్డు విడిచి న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊర లెడర్లీ అను ఔషధసంస్థ ప్రయోగశాలలో చేరిరి. అచిరకాలముననే పరిశోధనల కంతటికి అధ్యక్షులైరి. మిగిలిన జీవితము ఎనిమిదేండ్లు. ఆ యెనిమిదేండ్లలో జరిగిన పని ఒక జీవితమునకు సరిపోవునది కాదు, నాలుగింటికి చాలును.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. దీని పూర్వకథ మన దేశముననే కలదు. లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు 1930 ప్రాంతమున బొంబాయి వచ్చి, గర్భిణీ స్త్రీలకు, అందును మిల్లు కూలీలకు, కలుగుచున్న రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారముతో అది నయమగునని కనుగొనిరి. ఆ సారములో నున్న వస్తువేదియో తెలియలేదు. 1941లో మరికొందరు పాలకూరనుండి దానిని వేరుచేసి, ఆకు అను అర్థమిచ్చు లాటిను శబ్దమునుబట్టి పేరు పెట్టిరి. లెడర్లీలో సుబ్బారావుగారి బృందము దాని నిర్మాణమును తెలిసికొని 1945లో కృత్రిమముగా తయారుచేసెను. ఆ పరిశోధన పత్రమున పెక్కుమంది పేర్లు కలవు. ఆ వరుసలో ఆయన పేరు నడుమ నెక్కడనో యున్నది. లూసీ విల్స్ గారి సంగతి విని మా అమ్మాయి ఆమెను గూర్చి రెండు దినములు ప్రశ్నలు వేసినది. ఆ ప్రశ్నలకన్నిటికి నావద్ద జవాబులు లేకపోయినవి.

ఆ మందుతో నయమైన వ్యాధులలో స్ప్రూ యొకటి. సోదరుల చితులు చల్లారిన పాతిక సంవత్సరములకు వారి వ్యాధికి మందు ఆయన ప్రయోగశాలనుండి వచ్చెను.

అంతతో ఆగలేదు. 1944లో, డెబ్బదియేండ్లు దాటి విశ్వవిద్యాలయమునుండి విశ్రాంతి తీసికొనిన బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్ర ఆచార్యుడు లెడర్లీలో పనికి కుదిరెను. ఉద్యోగవిరమణకు వత్సరములు లెక్కపెట్టుకొను మన సభ్యులు ఈయనను జ్ఞాపకముంచుకొనవలెను. దేశమంతట తెప్పించిన మట్టి నమూనాలను శోధించుచు, మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలములోని మట్టియందలి ఒక సూక్ష్మజీవినుండి బంగారువన్నెగల ఔషధమును ఆయన సాధించెను. అదియే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబమున మొదటిది. 1948లో లోకమునకు తెలిసెను. పెనిసిలినునకు లొంగని రోగములు పెక్కు దీనికి లొంగినవి. విచిత్రమేమన, నేడు ఉష్ణదేశపు స్ప్రూ వ్యాధికి వైద్యులు వ్రాసి యిచ్చునది ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్ మందు, ఈ రెండింటిని కలిపియే. రెండును ఆ ప్రయోగశాలనుండి వెలువడిన శాఖలే.

బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు మొదట ఫోలిక్ ఆమ్లపు జాతి మందులే ఇచ్చి చూచెను. వ్యాధి తగ్గుటకు మారుగా పెరుగుచున్నట్లు ఆయనకు తోచెను. అట్లయినచో దీనికి విరోధియైన మందు కావలెనని ఆలోచించిరి. సుబ్బారావుగారి బృందము ఆ విరోధులను తయారుచేసి పంపెను. అమినాప్టెరిన్ అను మందు పుచ్చుకొనిన 16 మంది పిల్లలలో పదిమందికి కొంతకాలము మేలు కలిగెనని 1948 జూనులో ఫార్బరుగారు ప్రకటించిరి. అంతకు ముందు ఆ వ్యాధిగల బిడ్డలకు మందే లేదు. అదే జాతిదైన మెథోట్రెక్సేటును క్యాన్సరునకు, కీళ్ల వ్యాధికి నేటికిని వాడుచున్నారు. వికటించిన ప్రయోగమునుండి పుట్టిన మందు ఇది.

ఇక హెట్రజాన్. 1947లో వెలువడిన ఈ మందు మనవారి కందరికంటె దగ్గరిది. కోనసీమలో మా అమ్మమ్మగారికి ఎడమకాలు బోదకాలు. చీరకుచ్చెళ్లతో దానిని కప్పుకొనుచు, పెండ్లిండ్లలో ఒక మూల కూర్చుండెడిది. సముద్రతీరపు ఊళ్లలో అట్టివారు వీధికిద్దరు ముగ్గురుండిరి. భీమవరపు బాలుడు వారిని చూడకుండునా? ఆ వ్యాధి క్రిములను రక్తమునందు చంపు మందు ఆయన ఆధ్వర్యముననే వచ్చెను. మన ప్రభుత్వము 1955లో జాతీయ ఫైలేరియా నివారణ పథకమును ప్రారంభించినది. 2004 నుండి వ్యాధిగల జిల్లాలలో ఇంటింటికి వచ్చి మ్రింగించుచున్న డి.ఇ.సి. మాత్ర ఈ హెట్రజానే. మా అమ్మమ్మ కాలికి అది ఆలస్యమైనది. ముదిరిన వాపును అది తగ్గింపలేదు. కాని ఆ వీధిలో మా తరమువారి కెవరికిని బోదకాలు లేదు.

1948 ఆగస్టు మాసమున ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు దివంగతులైరి. వయస్సు యేబదిమూడు. భారతదేశము స్వతంత్రమై ఒక సంవత్సరము నిండుచున్నది. 1946 వరకు భారతీయులకు అమెరికా పౌరసత్వము పొందు హక్కే లేదు. హక్కు వచ్చిన పిదపను ఆయన దానిని పుచ్చుకొనకయే పోయిరి.

ఈ కథలో నేను తొలుత దాటవేయదలచిన భాగమొకటి కలదు. 1922లో వీడ్కొలిపిన శేషగిరిగారు భర్తను మరల చూడలేదు. ఇరువదియారేండ్లలో ఆయన స్వదేశమునకు ఒక్కమారైన రాలేదు. కలిగిన ఒక్క కుమారుడు పసితనముననే పోయెను. ఆమె ఇక్కడ, ఆయన అక్కడ. మహనీయుల చరిత్రలలో ఇట్టి విషయమును త్యాగమను ఒక్కమాటతో ముగింతురు. ఆ త్యాగము ఎవరిది, ఎవరు ఎవరిని అడిగి చేసిరి అను ప్రశ్న మా అమ్మాయి అడుగగా నేను త్యాగమను మాటను వెనుకకు తీసికొంటిని. శాస్త్రజ్ఞుడు కావలెనన్న ఇల్లు విడువవలెనని ఆమె తలచునేమో యను భయముతోనే దాచదలచితిని. దాచినచో నా చేతిలో మరియొక అట్టబొమ్మ తయారై యుండెడిది. ఆయన దారి ఆయనది, లూసీ విల్స్ గారి దారి వేరు, డెబ్బదియేండ్ల డగ్గరుగారిది మఱొకటి అని మాత్రము చెప్పితిని.

సుబ్బారావుగారిని తలచుకొన్నప్పుడెల్ల మనవారు నోబెల్ బహుమతి రాలేదని నొచ్చుకొందురు. సభలలో ఈ మాటకే చప్పట్లు ఎక్కువ. నాకును ఆ బాధ కలదు. కాని విద్యార్థి ఆ ఉపన్యాసము విని ఏమి గ్రహించును? అంతటి మేధావికే న్యాయము జరుగలేదని గ్రహించును. తాను అంతటి మేధావి కాదని మొదటే యెరుగును. ఇక తనకేమి పని? 1987లో ఆయన జీవితచరిత్ర వ్రాసిన ఎస్.పి.కె. గుప్తగారు గ్రంథపు ఉపశీర్షికలోనే విజయములతోపాటు వైఫల్యములను గూడ పేర్కొనిరి. 2016లో న్యూయార్కు నగరమున బీద ప్రాంతముల పాఠశాలలలో సుమారు 400 మంది విద్యార్థులపై ఒక పరిశోధన జరిగినది. కొందరిచేత ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ, ఫారడే గార్ల కష్టములను, పొరపాట్లను చదివించిరి. కొందరిచేత వారి ఘనకార్యములను మాత్రమే చదివించిరి. కష్టములు చదివినవారికి సైన్సులో మార్కులు మెరుగైనవి, వెనుకబడినవారికి మరింతగా. ఘనకార్యములు మాత్రము చదివినవారికి ఆ మేలు కలుగలేదు.

1995లో శతజయంతి సందర్భమున మన తపాలాశాఖ ఆయన బొమ్మతో ఒక బిళ్ల వెలువరించినది. మా అమ్మాయి చదువు ప్రభుత్వపాఠశాలలో వారమున కొకమారు పిల్లలచేత ఒక నీలిరంగు మాత్ర మ్రింగింతురు. అందులో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లము కలదు. ఆరవ తరగతినుండి ఆ మాత్ర మ్రింగుచున్న పిల్ల ఆయన పేరు పదకొండవ తరగతిలో నా నోట వినవలసి వచ్చినది. నేను విన్నదైనను నలుబదియేండ్లు దాటిన పిమ్మటనే.

వారము గడువు తీరినది. దరఖాస్తు బల్లమీదనే యున్నది. కలము గూడ ప్రక్కనే పెట్టితిని. ఆర్ట్సునందు ఇష్టముచేత పోదలచినచో సంతోషముతో సంతకము చేయుదునని, 9 మార్కులచేత పోదలచినచో మరల ఒకమారు ఆలోచింపుమని చెప్పి ఆఫీసునకు పోతిని. సాయంకాలము వచ్చుసరికి కాగితము బల్లమీద లేదు. ఆమె ఏమియు చెప్పలేదు, నేను అడుగలేదు. పాఠశాలకు అది చేరలేదని కొన్ని దినములకు తెలిసినది. అర్ధసంవత్సర పరీక్షలో భౌతికశాస్త్రమున ఉత్తీర్ణురాలైనది, అంతకుమించి చెప్పదగినది లేదు. మొన్న ఆమె పుస్తకము తీసి చూడగా, విద్యుత్తు పాఠమువద్ద గుర్తుకొరకు మడచి పెట్టిన కాగితమొకటి కనబడినది. అడుగున సంతకమునకు గీసిన గీత అట్లే ఖాళీగా నున్నది.